గొంతు వస్తుందన్న మాట

బడులు తెరిచిన వారంలోనే నా గొంతు పోయింది. ఎనిమిదో తరగతిలో హాజరు పిలుద్దామని నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ శబ్దం రాలేదు. సవరించుకుని మళ్ళీ ప్రయత్నించాను. గుసగుస వచ్చింది, అంతే. ముందు బల్ల మీది ఆడపిల్లలు నవ్వారు. టీచరుగారు ఏదో ఆట మొదలుపెట్టారనుకున్నారు. ఇంకోసారి కూడా రాకపోయేసరికి వాళ్ళ నవ్వు ఆగిపోయింది. సుద్దముక్క తీసుకుని, ఈ పూటకి మీరే చదువుకోండి అని నల్లబల్ల మీద రాసి కుర్చీలో కూర్చున్నాను.

అప్పటికి చాలా ఏళ్ళుగా ఏలూరులో ఒక ఎయిడెడ్ బడిలో తెలుగు చెబుతున్నాను. మా తాతల కాలంలో మిషను వాళ్ళు కట్టించిన బడి. నాది పెద్ద గొంతు. వరండా చివరి గదిలో నేను పద్యం చదివితే గేటు బయట సోడా బండి దాకా వినిపిస్తుందని తోటి టీచర్లు వేళాకోళం చేసేవారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా నేనే. అలాంటి దాన్ని, ఇంటికొచ్చి మా ఆయనకి చెవి దగ్గర గుసగుసగా చెప్పుకోవాల్సి వచ్చింది, నాకు గొంతు రావడం లేదండీ అని.

అది రెండు వేల ఆరు. ఆ వేసవిలోనే మా చెల్లెల్ని సమాధుల తోటలో పెట్టి వచ్చాం.

చెల్లి నాకంటే చాలా చిన్నది. నాన్న పోయాక దాన్ని సగం అమ్మ పెంచింది, సగం నేను పెంచాను. కైకలూరు అవతల కొల్లేటి ఊళ్ళో ఇచ్చాం. మరిది నెమ్మదస్తుడు, ఎదుటి మనిషి మొహంలోకి చూసి మాట్లాడడు. వాళ్ళ కుటుంబానికీ ఇంకొందరికీ కలిపి ఒక చేపల చెరువు ఉండేది. చెల్లి ఏలూరు వచ్చిందంటే బస్సు దిగేటప్పుడే చేపల వాసన తెలిసేది. ఐసు కరిగి సంచీ అడుగునుంచి కారుతూ ఉండేది, కండక్టరుతో గొడవ పడుతూ దిగేది. నోరున్న పిల్ల. నవ్వితే పక్కింటివాళ్ళు కూడా ఏమైందని తొంగి చూసేవారు.

కొల్లేరు సరస్సు లోపలున్న చెరువులన్నీ తీసేయాలని ప్రభుత్వం నిర్ణయించి, ఆ ఏడాది పొక్లెయిన్లు తెచ్చి గట్లు తెంచింది. పక్షులకూ నీళ్ళకూ అది అవసరమేనని బడిలో సైన్సు టీచరు చెప్పేవారు. కావచ్చు. మా వాళ్ళ చెరువు తెంచిన రోజు చెల్లి గట్టు మీదే నిలబడిందట. పట్టుబడికి రావలసిన చేపంతా బురద నీళ్ళతో పాటు వెళ్ళిపోతుంటే ఊళ్ళో జనం చీరలు అడ్డం పెట్టి దొరికినంత పట్టుకున్నారట. ఆ సాయంత్రం అది నాకు ఫోను చేసి, "అక్కా, ఎవరింట చూసినా మా చేపల కూరే వండుతున్నారే" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తర్వాత ఊరొదిలి ఎక్కడికన్నా పోదామని అది, పోనని మరిది. కొన్ని వారాలు అదే గొడవ. ఒక మధ్యాహ్నం మాటా మాటా పెరిగింది. కోపంలో ఇంట్లో ఉన్న పొలం మందు తాగేసింది.

ఏలూరు ఆసుపత్రికి తెచ్చారు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉంది. నోట్లో పుండ్లు లేచాయని గొణుగుతోంది తప్ప, చూడడానికి బాగానే ఉంది. కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. పిల్లకి అప్పుడు పదేళ్ళు. మరిది గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచారు.

"మీరు అక్కగారా అండీ? చదువుకున్నవారు కాబట్టి మీకు చెబుతున్నాను. ఈ మందు తాగినవాళ్ళు మొదట్లో ఇలాగే ఉంటారు. తర్వాత ఊపిరితిత్తులు పాడైపోతాయి. మేం చేయగలిగింది చేస్తాం. కానీ మీరు ఆశ పెట్టుకోకండి."

"మాట్లాడుతోంది కదండీ. జడ వేస్తోంది" అన్నాను.

"అవునండీ. చివరిదాకా స్పృహలోనే ఉంటారు" అన్నారాయన, తలవంచుకుని.

నేను లోపలికి వెళ్ళాను. చెల్లి నా మొహం చూసింది. దానికి నా మొహం చదవడం బాగా వచ్చు. అందుకని నేనే ముందు నవ్వాను.

"ఏమన్నారక్కా డాక్టరు? తగ్గిపోద్ది కదా?"

"తగ్గుతుందే. కొన్నాళ్ళు పడుతుందట."

"కోపంలో తాగేశానే. నిజంగా చచ్చిపోదామని కాదు."

"తెలుసులే. తగ్గుతుంది."

ఆ మాట అన్నందుకు నేను అప్పుడు బాధపడలేదు, ఇప్పుడూ పడను. దాని మొహం వెంటనే తేటపడింది. నొప్పిగా ఉన్నా బార్లీ నీళ్ళు తాగింది. ఏలూరులోనే ఇల్లు చూసుకుంటామని, పిల్లని నా బడిలోనే వేస్తానని చెప్పుకుంటూ పోయింది. నర్సులతో వరసలు కలిపింది. నేను అడిగినప్పుడల్లా తగ్గుతుందన్నాను. అడగకపోయినా అన్నాను. అమ్మకీ మరిదికీ కూడా అదే చెప్పాను. వాళ్ళకి నిజం చెబితే చెల్లి వాళ్ళ మొహాల్లో చదివేస్తుందని భయం. అలా ఆ ఆసుపత్రిలో నిజం డాక్టరుకీ నాకూ మాత్రమే తెలుసు.

వారం తిరిగేలోపు దానికి ఊపిరి ఆడడం తగ్గింది. పోయేనాటి ఉదయం గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ ఉదయం సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే అప్పట్లో నేను ఎవరికీ చెప్పలేదు.

సమాధి అయ్యాక పిల్లని మా ఇంటికి తెచ్చుకున్నాం. మాకు పిల్లల్లేరు. మరిది కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో పనికి చేరాడు. అమ్మ కూడా మా దగ్గరే ఉండేది. బడులు తెరిచాక పిల్లని ఐదో తరగతిలో వేశాను. ఆ వారంలోనే నా గొంతు పోయింది.

గొంతు డాక్టరు గొట్టం పెట్టి చూశారు. "ఏమీ లేదండీ. ఒకసారి దగ్గండి" అన్నారు. దగ్గాను. ఖణేల్‌మని దగ్గు వచ్చింది. "చూశారా, దగ్గులో శబ్దం ఉంది. గొంతు బాగానే ఉంది. ఇది మనసుది" అన్నారు. తాడేపల్లిగూడెంలో ఒక నర్సింగ్ హోముకి శనివారాలు విశాఖపట్నం నుంచి ఒక సైకాలజీ చదివినావిడ వస్తారని, మాటలతోనే తగ్గిస్తారని చెప్పి చిరునామా ఇచ్చారు.

ఇంట్లో ఎవరి నమ్మకం వాళ్ళది. అమ్మ పాస్టరుగారి చేత ప్రార్థన చేయించిన నూనె తెచ్చి నా గొంతుకి రాసేది. రాసేటప్పుడు, "ఈ ఆదివారం నువ్వే పాట ఎత్తుకుంటావు చూడు" అనేది. మా ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం, ఏదైనా ఫ్యూజు వేసినట్టు తేలిపోవాలి. "మంచి టానిక్కు పడితే సరిపోద్ది" అనేవారు. మా హెడ్మాస్టరుగారు సెలవిచ్చి, విశ్రాంతి తీసుకుంటే అదే వస్తుందన్నారు. పిల్ల మాత్రం ఏమీ అనేది కాదు. అన్నం తినేటప్పుడు నా నోటివంకే చూసేది.

మాటలతో తగ్గించే ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి నేను ఒప్పుకున్నది ఒకే కారణంతో. అది ఏలూరు కాదు. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళిందని ఊళ్ళో అనుకోరు. మా ఆయనా నేనూ పాసింజరు ఎక్కి భీమడోలు, పూళ్ళ మీదుగా గూడెం వెళ్ళాం. స్టేషను బయట ఉల్లిపాయల లారీలు, తడిసిన గోనెసంచుల వాసన. నర్సింగ్ హోము మేడ మీద ఒక చిన్న గది ఆవిడది. బయట బల్ల మీద మాకంటే ముందొచ్చినవాళ్ళు ఉన్నారు. కామవరపుకోట వైపు నుంచి వచ్చిన రైతొకాయన కాసేపట్లోనే గదిలోంచి విసురుగా బయటికొచ్చాడు.

"సూదీ లేదు, మందూ లేదు. మాటలకైతే ఇంత దూరం రావాలా అండీ? మా ఊళ్ళో మనుషులు లేరా?" అని మమ్మల్నే అడిగి, భార్య పిలుస్తున్నా వినకుండా మెట్లు దిగిపోయాడు.

నా పక్కన కూర్చున్న ముసలావిడ నవ్వింది. "ఆయనకి సూది కావాలి. నాకైతే రేపు ఇక్కడికి రావాలి అనుకుంటేనే ముందురోజు నిద్ర పట్టేస్తాదండీ. ఈ బల్ల మీద కూర్చుంటే సగం తగ్గిపోద్ది" అంది.

నేను వాళ్ళిద్దరిలో ఎవరిలాగానూ రాలేదు. నాకు సూది అక్కర్లేదు. నమ్మకమూ లేదు.

సైకాలజీ ఆవిడ నాకంటే చిన్నది. కాటన్ చీర, చేతికి గడియారం, ముందు ఒక చిన్న బల్ల. దూరాల నుంచి వచ్చేవాళ్ళు నెలల తరబడి తిరగలేరు కాబట్టి ఎవరికైనా ఆరు శనివారాలే కేటాయిస్తానని మొదటే చెప్పింది. తర్వాత అడిగింది:

"ఇక్కడ ఏం జరుగుతుందనుకుని వచ్చారండీ?"

నేను గుసగుసగానే చెప్పాను. "మీరు తగ్గుతుందంటారు. ఇంకేం జరుగుతుంది?"

ఆవిడ నవ్వింది. చదువుకున్న నవ్వు, మెత్తటి నవ్వు. "తప్పకుండా తగ్గుతుందండీ. అందులో అనుమానమే పెట్టుకోకండి. ఆ నమ్మకం ఉంటే సగం పని అయినట్టే" అంది.

ఆ నవ్వు నాకు తెలుసు. ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టేటప్పుడు నా మొహాన నేను పెట్టుకున్న నవ్వే అది. వరండాలో మా ఆయనతో ఈవిడ ఏదో మాట్లాడిందని, నిజమేమిటో వాళ్ళిద్దరికీ తెలుసని, నాకు చెప్పడం లేదని ఒక్కసారిగా అనిపించింది. లేచి బయటికి వచ్చేశాను. మెట్ల మీద మా ఆయన చెయ్యి పట్టుకుని, "ఆవిడ మీతో ఏం చెప్పింది?" అని గుసగుసగా అడిగాను. ఆయన తెల్లబోయారు. ఆవిడ ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడలేదు.

మళ్ళీ వెళ్ళనన్నాను. మా ఆయన ఆ వారమంతా పోరు పెట్టారు. వేసిన మందు ఒక్కపూటతో మానేస్తామా అని ఆయన వాదన. చివరికి వెళ్ళాను.

ఆ రెండోసారి ఆవిడ నవ్వలేదు.

"పోయినవారం తగ్గుతుందన్నాను. ఆ మాట మీకు ఎందుకో తగిలింది. ఎందుకన్నది మీరు చెబితేనే నాకు తెలుస్తుంది, చెప్పకపోయినా ఫర్వాలేదు. ఇవాళ నాకు తెలిసినవీ తెలియనివీ విడివిడిగా చెబుతాను. వింటారా?"

తల ఊపాను.

"మీ దగ్గులో శబ్దం ఉంది. అది నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇలా పోయిన గొంతులు చాలావరకు తిరిగొస్తాయి, అది చదువుకున్నాను, కొందరిలో చూశాను. మీది ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. ఈ గదిలోనే వస్తుందో, వేరే ఎక్కడ వస్తుందో తెలీదు. వచ్చాక మీకు బాగుంటుందో లేదో అసలే తెలీదు. అది మాత్రం నేను మాటివ్వను."

చాలా రోజుల తర్వాత ఒక మనిషి నాతో మాట్లాడినట్టు అనిపించింది.

"మరి మీకేం కావాలండీ?" అని అడిగింది. "ఇంట్లోవాళ్ళకి గొంతు కావాలి, బడివాళ్ళకి గొంతు కావాలి. మీకు?"

కింద బజారులో ఎవరో లారీ వెనక్కి పోనిస్తూ రా రా అని అరుస్తున్నారు.

"రాకూడదని ఉంది" అన్నాను.

అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. రాకూడదనుకునే మనిషికి గొంతు రప్పించబోవడం మొండి దూడని కట్టుగొయ్యకి ఈడ్చడమేనని, ముందు ఎందుకు రాకూడదో చూద్దామని అంది. మూడోసారి దగ్గించింది, దగ్గు చివర మూలగమంది, మూలుగు చివర ‘మ్’ అనమంది. ‘మ్’ దాకా వచ్చేది. పెదవులు విప్పితే ఆగిపోయేది. ఆవిడ విసుక్కోలేదు, భేష్ అని మెచ్చుకోనూ లేదు.

నాలుగో శనివారం నేను ఆ ఉదయం సంగతి చెప్పాను.

అమ్మ కాఫీ కోసం కిందికి వెళ్ళింది. మరిది పిల్లని తీసుకుని మందుల షాపుకి వెళ్ళాడు. చెల్లి ముక్కుకి గొట్టం ఉంది, అయినా చేపలాగా నోరు తెరిచి గాలి కోసం ఎగబడుతోంది. నేను తల నిమురుతూ, తగ్గుతుందమ్మా, తగ్గుతుంది అంటున్నాను. అది నా చెయ్యి పట్టుకుని ఆపింది. నా మొహంలోకి చూసింది. ముక్కలు ముక్కలుగా అడిగింది.

"నీకు... ముందే... తెలుసా?"

అవుననలేకపోయాను, కాదనలేకపోయాను. నోరు తెరిచాను, మాట రాలేదు. అది నా చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగింది. అమ్మ కాఫీతో వచ్చింది. ఆ తర్వాత అది ఎవరివంకా తిరగలేదు. మధ్యాహ్నానికి పోయింది.

ఇదంతా గుసగుసగానే చెప్పాను. చెప్పినంతసేపూ ఆవిడ బల్ల మీద చేతులు పెట్టుకుని కదలకుండా వింది. దాచినది బయటికి కక్కితే గొంతు వచ్చేస్తుందని నేను కూడా లోపల ఎక్కడో అనుకుంటూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. చెప్పడం అయ్యాక ఇద్దరం ఎదురుచూశాం. ఏమీ రాలేదు. నా గుసగుస గుసగుసగానే ఉంది. నిజం చెప్పాలంటే ఆవిడ మొహం కూడా కొంచెం వాడింది.

"ఇవాళ్టికి చాలండీ. వెళ్ళి విశ్రాంతి తీసుకోండి" అంది.

స్టేషనులో పాసింజరు ఆలస్యం. మా ఆయన బెంచీ మీద కూర్చుని పేపరు చూస్తున్నారు. టీ అమ్మే మనిషి ముందునుంచి పోతున్నాడు. ధ్యాస ఎక్కడో ఉంది నాకు. "ఏవండీ, రెండు టీలివ్వండి" అన్నాను.

టీ మనిషి రెండు పోశాడు. మా ఆయన పేపరు కింద పడింది. నన్ను చూస్తూ అలాగే ఉండిపోయారు. అప్పుడు గానీ నాకు తెలియలేదు, అది నా గొంతేనని. బొంగురుగా, పాతబడిన తలుపు తీసినట్టుగా ఉంది. ఆయన నలుగురిలో ఏడ్చేశారు. నేను టీ తాగాను. టీ మనిషికి ఏం జరిగిందో తెలీదు, చిల్లర కోసం నిలబడ్డాడు.

ఇంటికి రాగానే అమ్మ మోకాళ్ళ మీద పడి ప్రభువుకి స్తోత్రం చెప్పింది. నూనె పనిచేసిందంది. మా ఆయన గూడెం ఆవిడ మహానుభావురాలన్నారు. హెడ్మాస్టరుగారు, విశ్రాంతే అసలు మందని నేను మొదటే చెప్పానండీ అన్నారు. ఎవరికి వాళ్ళు అనుకున్నదే జరిగింది. నేను కాదనలేదు. వాళ్ళలో ఎవరు తప్పో నాకూ తెలీదు.

పిల్ల మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. మర్నాడు బడి నుంచి వచ్చాక, నేను బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, నీకు గొంతొచ్చాక అడగమంది అమ్మమ్మ."

"ఏమిటి?"

"అమ్మ సంగతి. నువ్వే కదా చివర్లో దగ్గరున్నావు. ఎప్పుడడిగినా పెద్దమ్మకి గొంతు రానీ, చెబుతుందిలే అనేది."

నేను గొంతు రాకూడదనుకున్నన్నాళ్ళూ ఈ పిల్ల అది రావాలని రోజులు లెక్కపెట్టుకుంటోంది.

"అడుగు" అన్నాను.

"అమ్మకి చచ్చిపోతానని తెలుసా?"

"మొదట తెలీదు. చివరికి తెలిసింది."

"నీకు?"

నేను మళ్ళీ నోరు మూసుకోవచ్చు. ఈసారి గొంతు ఉంది, అయినా మూసుకోవచ్చు. పదేళ్ళ పిల్ల. కానీ అది అడిగిన తీరు అచ్చం వాళ్ళమ్మ తీరే, కళ్ళార్పకుండా.

"నాకు మొదటిరోజే తెలుసు" అన్నాను.

పిల్ల కాసేపు బియ్యంలో వేలుతో గీతలు గీసింది. "మాకు ఎందుకు చెప్పలేదు? నేను రోజూ ఆడుకోడానికి కిందకి వెళ్ళిపోయేదాన్ని. తగ్గిపోద్దన్నావు కదా, అందుకని వెళ్ళిపోయేదాన్ని. తెలిస్తే అక్కడే కూర్చుందును కదా" అంది.

ఏడవలేదు. అరవలేదు. లేచి వెళ్ళి చాప వేసుకుని అటు తిరిగి పడుకుంది. ఆసుపత్రిలో గడిపిన ఆ వారమంతా చెల్లి గురించే ఆలోచించాను నేను. దాని మొహం తేటపడడమే చూశాను. ఆ మాట విన్నవాళ్ళు ఇంకొకరు ఆ గదిలో ఉన్నారని, జడ వేయించుకుంటూ వింటున్నారని నాకు తట్టలేదు.

ఆదివారం మరిది వచ్చినప్పుడు, "నాన్నా, నేను కైకలూరు వచ్చేస్తాను" అంది పిల్ల. నేను బతిమాలాను. అమ్మ తిట్టింది. మరిది నేల చూస్తూ, "పిల్లకి అక్కడ ఉండాలనుందేమోనండీ, కొన్నాళ్ళు ఉండనివ్వండి" అన్నాడు. బట్టల సంచీ అదే సర్దుకుంది.

ఐదో శనివారం నేను గూడెం వెళ్ళేసరికి, గొంతు వచ్చిందని ఆవిడకి ముందే తెలుసు, మా ఆయన ఫోను చేసి చెప్పారు. ఆవిడ సంతోషంగా ఎదురొచ్చింది. నా మొహం చూసి ఆగిపోయింది. జరిగింది చెప్పాను, ఈసారి గొంతుతోనే. చెప్పి, అడిగాను.

"ఆ పిల్ల మళ్ళీ నా దగ్గరికి వస్తుందా అండీ?"

"నాకు తెలీదండీ" అంది.

"వస్తుందని అనండి."

"అంటే నమ్ముతారా?"

"నమ్మను. అయినా అనండి."

నేను ఏం అడుగుతున్నానో ఇద్దరికీ తెలుసు. ఇన్ని వారాలుగా ఆవిడ ఏ మాట అనకుండా జాగ్రత్తపడుతోందో ఆ మాటే అడుగుతున్నాను.

"వస్తుందండీ" అంది ఆవిడ నెమ్మదిగా.

చెల్లి పోయాక నేను ఏడ్చింది ఆ గదిలోనే మొదటిసారి. అబద్ధమని తెలిసినా ఆ మాట నా ఒంట్లోకి చల్లగా దిగింది. ఆసుపత్రి మంచం మీద చెల్లి పదే పదే ఎందుకు అడిగేదో అప్పుడు నాకు అర్థమైంది. దానికి మొదటినుంచే అనుమానం ఉండి ఉంటుంది. నా నోట వినడం కోసమే అడిగి ఉంటుంది. అలా అనుకోవడం నాకు తేలిక కాబట్టి అనుకుంటున్నానేమో కూడా. గోడ వైపు తిరిగిపోయిన మనిషిని ఇప్పుడు ఎవరడుగుతారు?

ఆరోసారి మేం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఇక్కడికి వచ్చి మీకు ఏం దొరికిందనుకుంటున్నారని ఆవిడ అడిగింది. గొంతు దొరికిందన్నాను. అది కోరుకోలేదు కదా మీరు అంది. లేదన్నాను. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "పోయినవారం నేనన్న మాట గురించి చాలా ఆలోచించానండీ. అనొచ్చో అనకూడదో నాకింకా తేలలేదు" అంది. నాకూ తేలలేదు. అదే చెప్పి మెట్లు దిగాను. తర్వాతి ఏడాది గూడెంలో ఏదో పెళ్ళికి వెళ్ళినప్పుడు అటుగా వెళ్ళి చూస్తే, మేడ మీది ఆ గదిలో పళ్ళ డాక్టరు బోర్డు ఉంది.

నేను బడికి తిరిగి వెళ్ళాను. గొంతు మునుపటంత పెద్దగా రాలేదు, గేటు దాకా వినిపించదు. చర్చిలో పాట ఎత్తుకోవడం వేరేవాళ్ళకి అప్పగించారు. అమ్మ మరో రెండేళ్ళు ఉంది. పోయేముందు నాలుగు రోజులు మంచాన పడినప్పుడు, తగ్గుతుందా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నేను పక్కనే కూర్చుని ఉన్నా పాస్టరుగారినే అడిగింది.

సెలవులకి నేను కైకలూరు వెళ్ళేదాన్ని. పిల్ల బుద్ధిగా మంచినీళ్ళు తెచ్చిచ్చేది. మార్కులు అడిగితే చెప్పేది. కొన్న గౌను తీసుకునేది. వెనక ఐసు ఫ్యాక్టరీ మోత ఆగకుండా వస్తుంటే ఇద్దరం గదిలో కూర్చునేవాళ్ళం. ఒకసారి నాకు నీరసంగా ఉండి, ఆ సాయంత్రం బస్సు ఎక్కగలనా లేదా అని పైకే అనుకున్నాను. పిల్ల వంటింట్లోంచి వచ్చింది. అప్పటికి నా భుజం దాకా ఎదిగింది.

"ఈ పూటకి ఉండిపోండి పెద్దమ్మగారూ. నాన్న రేపు బస్సెక్కిస్తారు" అంది.

మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను నువ్వు అనేది ఆ పిల్ల. మీరు అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. గమనించాక వద్దని చెప్పలేదు. ఆ పూటకి ఉండి, మర్నాడు పొద్దున్నే ఏలూరు బస్సు ఎక్కాను.